బుడమేరు ముంచిన వారం, మా కెమెరా సంచి

వీడియో కోసం మిర్రర్‌లెస్ కెమెరా కొంటున్నామని ఎవరైనా సలహా అడిగితే, కార్డు స్లాట్లు ఎన్ని ఉన్నాయో ముందు చూడమంటాను. మెగాపిక్సెళ్లు ఎన్ని, 4కెలో సెకనుకి ఎన్ని ఫ్రేములు, యూట్యూబులో ఎవరు మెచ్చుకున్నారు అన్నవి ఆ తర్వాత. రెండు కార్డులు పట్టని బాడీని నేను పెళ్లికి తీసుకెళ్లను. ఇంత గట్టిగా ఎందుకంటున్నానో తెలియాలంటే 2024 సెప్టెంబరు మొదటి వారంలో మాకేం జరిగిందో చెప్పాలి. మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్.

మా ఆయన, నేను కలిసి పెళ్లి వీడియోలు తీస్తాం. మండపం మీద కెమెరా ఆయనది. పెళ్లికూతుర్ని చేసే దగ్గర, పసుపు దంచే దగ్గర, మంగళస్నానాల దగ్గర కెమెరా నాది. ఆ గదుల్లోకి మగవాళ్లు కెమెరా పట్టుకుని రావడం చాలా ఇళ్లలో ఇష్టపడరు, ఆడమనిషి ఉందంటేనే మాకు పని చెబుతారు. ఎడిటింగ్ కూడా నాదే. ఆ ఏడాది వేసవిలో మూఢం వచ్చి నెలల తరబడి పెళ్లిళ్లు లేవు. శ్రావణంలో ముహూర్తాలు వరసగా పడ్డాయి. ఆగస్టంతా ఒక హాలు నుంచి ఇంకో హాలుకి తిరుగుతూనే ఉన్నాం. కూర్చుని ఎడిట్ చేసే తీరిక దొరకలేదు. అలా నీళ్లొచ్చేనాటికి ఎందరివో పెళ్లిళ్లు మా ఇంట్లో హార్డ్‌డిస్కుల మీదే ఉన్నాయి. వీడియో చేతికిచ్చాక కానీ మిగతా డబ్బు రాదు.

మా కెమెరా గురించి కొంచెం చెబుతాను. మా పెద్ద బాడీ సోనీ ఎ7-3. 2018లో వచ్చిన మోడల్ అది. అంతకుముందు డీఎస్‌ఎల్‌ఆర్ వాడేవాళ్లం. అందులో వీడియో బటన్ నొక్కగానే లోపలి అద్దం పైకి లేచిపోతుంది, వ్యూఫైండర్ చీకటైపోతుంది. ఎండలో వెనక తెర కనపడక తల మీద తువ్వాలు కప్పుకుని తీసేవాళ్లం. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దమే లేదు. సెన్సర్ మీద పడిన బొమ్మే వ్యూఫైండర్లోకి వస్తుంది. వెలుగు ఎక్కువైతే ఎక్కువైనట్టు, తక్కువైతే తక్కువైనట్టు రికార్డు చెయ్యకముందే తెలుస్తుంది. 2008లో పానాసోనిక్ జి1తో ఈ రకం కెమెరాలు మొదలయ్యాయి. మా వైపు పెళ్లి మండపాలకి చేరడానికి చాలా ఏళ్లే పట్టింది.

ఎ7-3లో రెండు ఎస్‌డీ కార్డులు పడతాయి. మెనూలో ఏకకాలపు రికార్డింగ్ ఎంచుకుంటే ఒకే వీడియో రెండు కార్డుల మీదా ఒకేసారి పడుతుంది. 4కెలో, సెకనుకి వంద మెగాబిట్ల లెక్కన తీస్తే గంటకి 45 జీబీ నిండుతుంది. ప్రతిదీ రెండుసార్లు రాయాలంటే కార్డులు రెట్టింపు కావాలి. పెద్ద పెళ్లి అంటే ఆ ఖర్చు తక్కువేమీ కాదు. అయినా మా పద్ధతి ఇదే. పెళ్లి అయ్యాక మొదటి కార్డులు మాతో సింగ్‌నగర్ వస్తాయి, రెండో కార్డులు మా దగ్గర పనిచేసే తమ్ముడితో పటమట వెళతాయి. వాళ్లింట్లో అతను వాటిని విడిగా ఒక డిస్కులోకి ఎక్కిస్తాడు. వీడియో పెళ్లివాళ్ల చేతికి చేరేదాకా ఆ డిస్కు చెరిపేది లేదు.

బుడమేరుని బెజవాడ దుఃఖదాయని అంటారు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే వాగు. మామూలు రోజుల్లో అది మా పేటల మధ్య ఒక మురుగుకాలవలాగే కనపడుతుంది. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వరద నీటిని డైవర్షన్ కాలవ ద్వారా కృష్ణలోకి మళ్లించారు. ఆగస్టు ఆఖరి రెండు రోజులు ఆగకుండా వాన కురిసింది. డైవర్షన్ కాలవ గట్టుకి గండ్లు పడ్డాయి. అప్పుడే కృష్ణ కూడా పొంగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, ఆ బ్యారేజీ అంతకుముందెన్నడూ అంత వరద చూడలేదు. నది అంత నిండుగా ఉంటే వాగు నీళ్లు ఎక్కడికి పోతాయి? సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీల మీదకి వచ్చాయి.

సెప్టెంబరు 1, ఆదివారం. గుమ్మం దాటి రాకముందే బాత్రూం తూములోంచి నీళ్లు పైకి తన్నాయి. మాది కింది వాటా. ఓనరుగారు పైన ఉంటారు, వాళ్లపైన డాబా. మా ఆయన ముందు మెయిన్ ఆఫ్ చేశారు. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, షుగరు. పక్కింటి అన్నయ్య వచ్చి సాయం పట్టాడు. ఆవిణ్ణి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరూ పైకి మోశారు. పాపని ఓనరమ్మగారు ఎత్తుకుపోయింది. వాళ్లు కిందికి తిరిగొచ్చేసరికి నీళ్లు నా నడుం దాకా ఉన్నాయి. ఫ్రిజ్ పడిపోయి తేలుతోంది. బియ్యం డబ్బా తేలుతోంది. చెత్త, డ్రైనేజీ నీళ్లు, ఎక్కడిదో డీజిల్ వాసన, అన్నీ కలిసి వస్తున్నాయి.

ఆయన కెమెరా సంచి అందుకోబోయారు. నేను డిస్కులు ముందన్నాను. "కెమెరా లేకపోతే రేపు పనెట్లా?" అన్నారు. "కెమెరా మనది, పెళ్లి వాళ్లది" అన్నాను. ఆయన మారు మాట్లాడలేదు. డిస్కులన్నీ ఒక సంచిలో వేసుకుని టార్చి వెలుగులో మెట్లెక్కాం. మెట్ల మలుపులో సంచి పట్టీ తెగి ఒక డిస్కు నీళ్లలోకి జారిపోయింది. ఆయన మునిగి వెతికి తీశారు. అది ఎవరి పెళ్లో పైకెళ్లి, మీద అంటించిన చీటీ చూశాక తెలిసింది. ఆ వారంలోనే తీసిన పెళ్లి. పెళ్లికూతురి వాళ్లది రాజరాజేశ్వరీపేట.

తర్వాత ఆయన మళ్లీ దిగి పెద్ద కెమెరా సంచి, లైట్ల సంచి తెచ్చారు. పెద్ద సంచిలో ఎ7-3, టామ్రాన్ 28-75, 70-180 లెన్సులు ఉన్నాయి. రెండో బాడీ, గింబల్, పాత లెన్సులున్న బీరువా, నేను ఎడిట్ చేసే కంప్యూటరు కిందే ఉండిపోయాయి. ఇంకోసారి దిగుతానంటే నేను చెయ్యి పట్టుకుని ఆపేశాను. అప్పటికి మెట్ల దగ్గర నీళ్లు ఆయన గుండెల దాకా వచ్చాయి, కింద ఏ వైరు ఎక్కడ తెగి ఉందో తెలియదు.

డాబా మీద మా మేడవాళ్లమే కాక, పక్కనున్న రేకుల ఇళ్లవాళ్లు కూడా చేరారు. చంటిబిడ్డలున్న వాళ్లున్నారు. వాన తగ్గుతోంది, మళ్లీ పడుతోంది. కరెంటు లేదు. సెల్ టవర్లు ఒక్కొక్కటే పోతున్నాయి. ఉన్న సిగ్నలు కాసేపు వస్తుంది, పోతుంది. ఫోన్లలో చార్జింగ్ అయిపోతోంది. తాగే నీళ్లకి వాననీళ్లే పట్టుకున్నాం.

అప్పుడు లైట్ల సంచి గుర్తొచ్చింది. పెళ్లిళ్లలో పెద్ద లైటుకి వాడే వి-మౌంట్ బ్యాటరీ ఒకటుంది మా దగ్గర, 99 వాట్-అవర్లది. వంద దాటితే విమానాల్లో అంత తేలిగ్గా ఎక్కనివ్వరని ఆ సైజు కొంటారు అందరూ. దానికి యూఎస్‌బీ పోర్టు ఉంటుంది. మామూలు ఫోను బ్యాటరీ 15 నుంచి 20 వాట్-అవర్లు. మధ్యలో పోయేది పోగా నాలుగు ఫోన్లు నిండుతాయి. డాబా మీద ఉన్న ఫోన్లేమో అంతకు ఎన్నో రెట్లు. మా ఆయన అందరినీ కూర్చోబెట్టి చెప్పారు: ఏ ఫోనుకి సిగ్నల్ అందుతోందో దానికే చార్జింగ్, మిగతావన్నీ ఆఫ్. అందరి మాటలూ ఆ ఫోన్లోంచే. ఒక్కరు కూడా కాదనలేదు. అత్తయ్య ఇన్సులిన్ గురించి, పక్కింటి బిడ్డ పాల గురించి కంట్రోల్ రూముకి చెప్పగలిగాం. చిన్న ఎల్‌ఈడీ ప్యానెళ్లకి ఎన్‌పీ-ఎఫ్ బ్యాటరీలుంటాయి. వాటిని రాత్రుళ్లకి దాచాం.

కెమెరా బ్యాటరీల సంగతి వేరు. వాటిలోంచి నేరుగా ఫోను చార్జి చెయ్యడానికి మా దగ్గర దారి లేదు. కాబట్టి కెమెరా వాడితే ఎవరి నోటి దగ్గరిదీ తీసుకున్నట్టు కాదు. అది తేలాకే కెమెరా బయటికి తీశాను. నిండా చార్జి అయిన ఒక బ్యాటరీ మీద వీడియో సుమారు రెండు గంటలు వస్తుంది. వై-ఫై ఆపేశాను, తెర వెలుగు బాగా తగ్గించి వ్యూఫైండర్లోంచే చూశాను.

మొదట్లో దాన్ని రికార్డింగుకి కాదు, దూరం చూడటానికి వాడాను. 70-180 లెన్సు పెట్టి, సెన్సర్ మధ్యభాగమే వాడే ఏపీఎస్-సీ క్రాప్ ఆన్ చేస్తే 270 మిల్లీమీటర్ల దాకా వెళ్లినట్టు. డాబాకొట్ల సెంటర్ వైపు మెయిన్ రోడ్డు మీద పడవలు వచ్చిపోతున్నాయి. మా వీధి ఇరుకు, పైన వేలాడే వైర్లు, కింద మునిగిపోయిన కార్లు, ఆటోలు. పడవలు లోపలికి రావడం లేదు. సందు చివర పడవ ముక్కు కనపడగానే నేను చెప్పేదాన్ని, మగవాళ్లు ఎర్ర చీర కట్టిన కర్ర ఊపేవాళ్లు. కంటితో చూస్తూ కూర్చుంటే పడవ కనపడేసరికి అది వెళ్లిపోయేది. లెన్సులోంచి అయితే ముందే కనపడేది.

రాత్రి సంగతి రాయడం నాకు కష్టం. ఊరంతా చీకటి. బెజవాడలో అలాంటి చీకటి నేను పుట్టాక చూడలేదు. నీళ్ల చప్పుడు, ఎక్కడో కుక్కల ఏడుపు, మేడల మీంచి మనుషుల కేకలు. ఎవరిదో గొంతు దగ్గర్లోనే, కింది నుంచి వినిపించింది. ఎటో తెలియలేదు. టార్చి వెలుగు నీళ్ల మీద చెదిరిపోతోంది. కెమెరా ఆన్ చేసి, లెన్సు పూర్తిగా తెరిచి, షట్టర్ 1/25కి దింపి, ఐఎస్‌ఓ 25,600 పెట్టాను. ఆటోఫోకస్ అటూ ఇటూ వెతుకుతుంటే మాన్యువల్‌కి మార్చాను. బొమ్మ నిండా గింజలు గింజలుగా ఉంది. కానీ నా కంటికి నల్లగా ఉన్నచోట వ్యూఫైండర్లో గోడ కనపడింది, గోడ పక్కన కరెంటు స్తంభం, స్తంభాన్ని పట్టుకుని ఇద్దరు మనుషులు కనపడ్డారు. తల్లీ కొడుకూ అని తర్వాత తెలిసింది. "స్తంభం దగ్గర, స్తంభం దగ్గర" అని అరిచాను. మా ఆయన ఎల్‌ఈడీ ప్యానెల్ అటు తిప్పి పూర్తిగా వెలిగించారు. పక్కింటి అన్నయ్యా ఓనరుగారి అబ్బాయీ ట్యూబు వేసుకుని, నడుముకి తాడు కట్టుకుని వెళ్లి వాళ్లని లాక్కొచ్చారు. ఆ పిల్లవాడికి మా పాప వయసే. వాణ్ణి తువ్వాలుతో తుడుస్తూ నాకు ఒళ్లంతా వణికింది. ఆ కాసేపూ నేను రికార్డు బటన్ నొక్కలేదు. నొక్కి ఉంటే బాగుండేదని ఈ రోజుకీ అనుకోను.

అత్తయ్యని పడవ ఎక్కించింది కూడా ఆ లైటే. ప్యానెల్‌ని వెలిగిస్తూ ఆర్పుతూ ఉంటే మెయిన్ రోడ్డు మీంచి ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్లు చూసి, చిన్న రబ్బరు పడవలో మా సందులోకి వచ్చారు. అత్తయ్య, బాలింత, చంటిపిల్లలు ముందు. పడవ సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా చేర్చింది, అక్కణ్నుంచి అత్తయ్యని మా ఆడపడుచు వాళ్లు తీసుకెళ్లారు. ఆవిడ వెళుతూ నా చెయ్యి వదల్లేదు. మేం ఉండిపోయాం.

వీడియో తియ్యమన్నది మా ఓనరుగారు. "తియ్యమ్మా, ఎంత లోతు వచ్చిందో రేపు చెబితే ఎవరూ నమ్మరు" అన్నారు. ముందు కెమెరా గడియారం సరిచూశాను. తేదీ, టైము తప్పుంటే ఆ ఫైలు రేపు సాక్ష్యానికి నిలబడదు. ఒక్కో ఇంటి గోడ మీద నీటి గీత, కిటికీలోంచి కనపడే సామాను, నీళ్లు కొంచెం తగ్గాక తేలిన బళ్ల నంబరు ప్లేట్లు తీశాను. ఏ ఇంటిదో నోటితో చెబుతూ తీశాను. 4కె వద్దనుకుని హెచ్‌డీలోకి, తక్కువ బిట్‌రేటుకి మార్చాను. ఆ సిగ్నల్‌లో పెద్ద ఫైళ్లు వెళ్లవు. కార్డు రీడరు ఫోనుకి పెట్టి చిన్న క్లిప్పులు పంపించాం. ఒక విషయంలో మాత్రం కట్టుబడి ఉన్నాను: తడిచీరలతో నీళ్లలో నడిచే ఆడవాళ్లనీ, అన్నం పొట్లం కోసం చేతులు చాచేవాళ్లనీ తియ్యలేదు. పెద్ద పెద్ద డ్రోన్లు ఆహారం, నీళ్లు మోసుకొచ్చాయి, హెలికాప్టర్లు వచ్చాయి. వాటిని తీశాను. వాటి కింద నిలబడ్డవాళ్లు నా ఇరుగుపొరుగు, నేనూ వాళ్లలో ఒకదాన్ని.

వానలో కెమెరా కాపాడుకోవడం గురించి. ఈ బాడీలు తేమకి కొంత తట్టుకుంటాయని కంపెనీలే రాస్తాయి, నీళ్లలో తడపమని ఏ కంపెనీ రాయదు. పాలిథిన్ కవరు కప్పి, లెన్సు ముందు రబ్బరు బ్యాండు వేసి, హుడ్ తగిలించాను. జూమ్ తిప్పినప్పుడు గొట్టం ముందుకి సాగే లెన్సులు బయటి గాలిని లోపలికి పీలుస్తాయి. వాన పడేటప్పుడు జూమ్ ఒకచోట ఉంచి కదపలేదు. లెన్సు మార్చాల్సి వస్తే ఓనరుగారి గదిలోకి వెళ్లి, తలుపేసుకుని, బాడీ నోరు కిందికి పెట్టి మార్చాను. సంచిలో సిలికా జెల్ పొట్లాలు ఉన్నా ఆ గాలికి ఎంతని పీలుస్తాయి.

నీళ్లు పూర్తిగా తీశాక ఇల్లు చూసి ఏడ్చాను. ఫైరింజన్లు వచ్చి వీధులు కడిగాయి, ఇళ్లలో బురద కడిగాయి. రెండో బాడీ బురదలో దొరికింది. ఆన్ చేసి చూద్దామన్న ఆశ ఎవరికైనా పుడుతుంది. ఆయన వేలు స్విచ్ దగ్గరికి వెళుతుంటే ఆపాను. తడిసిన సర్క్యూట్లో కరెంటు పారితే మిగిలిందీ పోతుంది. బ్యాటరీ, కార్డు తీసేసి అలాగే సర్వీసుకి ఇచ్చాం. ద్రవం వల్ల చెడితే వారంటీ వర్తించదన్నారు. అది మామూలే. బాగుచెయ్యడానికి చెప్పిన మొత్తం విన్నాక తిరిగి తెచ్చేసుకున్నాం. లెన్సుల్లో, కొన్ని వారాల తర్వాత, గాజు లోపల సాలెగూడులా తెల్లటి పోగులు కనపడ్డాయి. ఫంగస్. మొదట్లోనే విప్పి తుడిస్తే పోతుంది. ఆలస్యమైతే గాజు మీది పూతని తినేస్తుంది, ఇక ఎంత తుడిచినా ఆ మచ్చ మిగులుతుంది. మా పాత లెన్సులు ఏవీ దక్కలేదు. కంప్యూటరు పోయింది. మునిగిన కింది వాటాలకి 25 వేలు, పై అంతస్తుల వాళ్లకి 10 వేలు ప్రభుత్వం ఇచ్చింది. లెక్క రాయడానికి వచ్చినవాళ్లకి మా వీధివాళ్లు చాలామంది నా క్లిప్పులు చూపించారు.

ఇక నీళ్లలో పడ్డ డిస్కు. మామూలు హార్డ్‌డిస్కు అంతా మూసుకుని ఉన్నట్టే కనపడుతుంది కానీ, గాలి ఒత్తిడి సరిపడటానికి దానికి చిన్న రంధ్రం ఉంటుంది. మురుగునీరు ఆ దారిన లోపలికి పోతే తిరిగే పళ్లేల మీద మడ్డి చేరుతుంది. ఎండబెట్టి తగిలిస్తే హెడ్డు గీసేస్తుంది. రికవరీ వాళ్లు చెప్పిన ధరకి మాకు పాత కెమెరా ఒకటి వస్తుంది, అదీ ఫుటేజీ వస్తుందన్న హామీ లేకుండా. మేం పటమట ఫోన్ చేశాం. తమ్ముడి ఇంట్లో ఆ పెళ్లి ఎక్కించిన రెండో డిస్కు, కార్డులు భద్రంగా ఉన్నాయి. వాళ్ల వీధికి నీళ్లు రాలేదు.

ఆ పెళ్లికూతురి వాళ్ల ఇల్లు కూడా మునిగింది. పెళ్లి సందడి ఇంకా చల్లారకముందే. ఇంటికి కట్టిన మామిడాకుల పందిరి తీయకముందే. వాళ్ల అమ్మగారికి ఫోన్ చేసి, వీడియో ఉందని చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఎడిట్ తర్వాత చేద్దువు గానమ్మా, పెళ్లికూతుర్ని చేసిన రోజు ఇంట్లో తీసింది ముందు చూపిస్తావా అని అడిగారు. తమ్ముడి ల్యాప్‌టాప్ తీసుకుని వాళ్లు తలదాచుకున్న బంధువుల ఇంటికి వెళ్లాం. కత్తిరించకుండా మొత్తం చూశారు. తెర మీద కూతురు పీట మీద కూర్చుని ఉంటే, ఆవిడ కళ్లు వెనకున్న వస్తువుల మీదే ఉన్నాయి. "అదిగో మా అత్తగారి పెట్టె." "ఆ ఫోటో మా ఆయన ఉద్యోగంలో చేరినప్పటిది." "కుట్టుమిషను, దాని మీదే పిల్లలిద్దరినీ చదివించాను." కొన్నిచోట్ల ఆపమన్నారు, ఆపాను. పెళ్లి వీడియోలో నేపథ్యాన్ని మసకగా చెయ్యడం మా పనిలో గొప్పగా చెప్పుకుంటాం, అందుకే ఎఫ్/2.8 లెన్సులకి అంత డబ్బు పోస్తాం. ఆవిడకి కావలసింది ఆ మసకలో ఉంది. నా అదృష్టం, ఆ గది చిన్నది, వెనక్కి జరిగే చోటు లేక 28 దగ్గర పెట్టి, అందరూ పడాలని ఎపర్చర్ మూసి ఎఫ్/5.6లో తీశాను. ఇల్లంతా పడింది. అప్పటి నుంచి ప్రతి ఇంటికీ వెళ్లగానే, మనుషులు రాకముందే, ఒక్కో గదిని వెడల్పుగా, స్పష్టంగా తీసి పెడుతున్నాను. ఫైనల్ వీడియోలో అది ఉండదు. విడిగా ఇస్తాను.

రెండో కెమెరా లేకుండా కార్తీకం పెళ్లిళ్లు చెయ్యలేం. మళ్లీ ఎంచుకోవాల్సి వచ్చింది, ఈసారి చేతిలో డబ్బు తక్కువ. ఆయనకి ఎ7-4 మీద మనసు. కారణం న్యాయమైనదే. అది 10-బిట్‌లో తీస్తుంది, మా పాతది 8-బిట్. ఒక్కో రంగుకి 8-బిట్‌లో 256 మెట్లు, 10-బిట్‌లో 1,024. ఎల్‌ఈడీ వాల్ ముందు, సాయంకాలపు ఆకాశం ముందు 8-బిట్ రంగు చారలు చారలుగా విరుగుతుంది. రంగులు తర్వాత దిద్దుకునేలా లాగ్‌లో తీసి, బాగా లాగుదామంటే ఇంకా విరుగుతుంది. కానీ మా పెళ్లివాళ్లు చూసేది ఫోన్లో, ఇంట్లో టీవీలో. లాగ్ జోలికి పోకుండా, ఎక్స్‌పోజరు అక్కడే సరిగా పెట్టి తీస్తే 8-బిట్ సరిపోతుందని నా వాదన. ఆ తేడా డబ్బుతో ఇంకో ముఖ్యమైన పని ఉంది.

ఒంటి స్లాటు బాడీలు చాలానే చూపించారు. ఎ7సి, జెడ్‌వీ-ఇ10, కానన్ ఆర్‌8, ఆర్‌పీ. మంచి బొమ్మ ఇచ్చేవే, తేలికవే. ఒక్కరే తిరుగుతూ తమ కోసం తీసుకునేవాళ్లకి బాగుంటాయి. ఇతరుల పెళ్లికి నేను తీసుకెళ్లను. ఇంకో మాట గట్టిగా చెప్పాలి. రెండు స్లాట్లున్నంత మాత్రాన వీడియో రెండింటిలోనూ ఒకేసారి పడుతుందని నమ్మకూడదు. కొన్ని బాడీల్లో ఫోటోలకే ఆ సౌకర్యం, వీడియో మాత్రం ఒక కార్డు నిండాక రెండోదానికి వెళుతుంది. కొనేముందు రెండు కార్డులు వేసి, నిమిషం రికార్డు చేసి, రెండూ విడివిడిగా తీసి చూసుకోవాలి. పానాసోనిక్ ఎస్5-2 మాకు బాగా నచ్చింది. 2023లో వచ్చింది, రెండు ఎస్‌డీ స్లాట్లు, లోపల చల్లబరిచే ఫ్యాను, ఆగకుండా రికార్డింగు. ఎక్కువ కెమెరాలకి కంపెనీ రాసే పరిమితి 40 డిగ్రీలు. మన మే నెల ఆ మాట వినదు కాబట్టి ఫ్యాను నిజంగా పనికొచ్చేదే. అయితే మాకు మిగిలిన రెండు లెన్సులు సోనీ మౌంటువి. బాడీ మారిస్తే లెన్సులు, బ్యాటరీలు అన్నీ మారాలి.

చివరికి సెకండ్‌హ్యాండ్‌లో ఇంకో ఎ7-3 తీసుకున్నాం. రెండు కెమెరాలకీ అవే బ్యాటరీలు, అవే కార్డులు, అదే మెనూ. చీకట్లో నా చేతికి ఆయన కెమెరా ఇచ్చినా బటన్లు వెతుక్కోనక్కర్లేదు. రంగులూ కలుస్తాయి. ఒక్కో రికార్డింగు అరగంట లోపే ఆగిపోతుంది దీంట్లో. ఒకప్పుడు యూరప్‌లో అరగంట మించి తీసేదాన్ని వీడియో కెమెరాగా లెక్కగట్టి ఎక్కువ సుంకం వేసేవారు, ఆ హద్దు అక్కణ్నుంచి వచ్చింది. జీలకర్రబెల్లం ముందు ఒకసారి, మంగళసూత్రం ముందు ఒకసారి ఆపి మళ్లీ నొక్కుతాం. ఒకరు ఆపినప్పుడు ఇంకొకరు నడుపుతూ ఉండాలి.

సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు, ముఖ్యంగా వరదల తర్వాత, తుడిచి మెరిపించిన పైపొర చూసి మోసపోవద్దని మా తోటివాళ్లందరికీ చెబుతున్నాను. ఫ్లాష్ తగిలించే చోట పట్టాల కింద తుప్పు ఉందా, బ్యాటరీ గది అడుగున పిన్నులు పచ్చబడ్డాయా, మైకు పోర్టు లోపల, అడుగు స్క్రూల చుట్టూ మట్టి ఉందా చూడాలి. లెన్సుని టార్చి వెలుగుకి ఏటవాలుగా పట్టి లోపల పోగులున్నాయేమో చూడాలి. ఒక తెల్లగోడని ఎఫ్/16లో తీస్తే సెన్సర్ మీద మచ్చలు బయటపడతాయి. మైకు పెట్టి అరగంట 4కె నడిపి, మన లైట్ల కింద 25 ఫ్రేములు, 1/50 షట్టరు పెట్టి బొమ్మ మినుకుమంటోందేమో చూసుకోవాలి. అమ్మేవాళ్లు ఇంతసేపు ఒప్పుకోకపోతే ఆ కెమెరా వద్దు.

మిగిలిన డబ్బుతో ఏం చేశామంటే, కార్డులు ఇంకొన్ని కొన్నాం, పటమట ఇంటికి ఒక డిస్కు, ఇంకో వి-మౌంట్ బ్యాటరీ కొన్నాం, కెమెరాలకి బీమా కట్టాం. ఆయన ఎ7-4 ఎప్పటికైనా కొంటాం. పెళ్లివాళ్లతో రాసుకునే కాగితంలో కొత్తగా ఒక వాక్యం చేర్చాం: తీసినది తీసినట్టు ఒక కాపీ పెళ్లి అయిన వారంలోగా వాళ్ల చేతికి ఇస్తాం, దాన్ని మా ఇంట్లో కాక వాళ్ల ఇంట్లో దాచుకోవాలి. కొందరు, ఎడిట్ కాని వీడియో మాకెందుకండీ అంటారు. అప్పుడు రాజరాజేశ్వరీపేట అమ్మగారి సంగతి, పేరు చెప్పకుండా, చెబుతాను. డిస్కు తీసుకుని వెళతారు.